వాడకట్టు సాక్ష్యం

మా చేలో కంది పూతకొచ్చిన వారంలోనే నాకు ఉద్యోగం ఖాయమైందని ఫోనొచ్చింది. ఆషామాషీ ఉద్యోగం కాదు. హైదరాబాదు శివారులో రాడార్లు తయారుచేసే ఒక కంపెనీలో ట్రైనీ ఇంజినీరు. దేశం సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చే చిన్న చిన్న డ్రోన్లను కనిపెట్టే రాడార్లు అవి. నాతో ఇంజినీరింగు చదివిన వాళ్లంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరి, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కుంటూ హాయిగా ఉన్నారు. నేనొక్కదాన్నే రాడారు, రాడారు అని పట్టుకు వేలాడాను. అట్లా వేలాడి ఎన్ని ఇంటర్వ్యూల నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చానో చెబితే నవ్వుతారు, అందుకని చెప్పను.

ఈ కంపెనీలో నన్ను ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన పెద్దగా సతాయించలేదు. గాల్లో ఎగిరేది కొంగో డ్రోనో రాడారుకెట్లా తెలుస్తుంది అని అడిగాడు. కొంగ నిదానంగా రెక్కలాడిస్తుంది, డ్రోను పంకాలు ఆగకుండా గిర్రున తిరుగుతాయి, వాటికి తగిలి వెనక్కొచ్చే తరంగంలో ఆ రెండు కదలికలూ రెండు రకాలుగా కనిపిస్తాయి అని చెప్పి కాగితం మీద గీసి చూపించాను. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి, ఏడాదిన్నర పాటు ఒక ల్యాబులో ఆ పని మీదే పడి ఉన్నదాన్ని, ఆ మాత్రం చెప్పలేనా? ఆయన గీతల వంక చూసి, ‘గుడ్’ అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని తాండూరు రైలెక్కి, దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను.

మాది పెద్దేముల్. మా నాయన చంద్రకాంత్ తాండూరికీ మా ఊరికీ మధ్య ఆటో నడుపుతాడు. చేను పనులన్నీ మా అమ్మ పద్మారాణివే. ఉద్యోగం సంగతి వినగానే అమ్మ నా బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి, ఆ వెంటనే తలుపు దగ్గరగా వేసింది. జాయిన్ అయ్యేదాకా వాడకట్టులో ఒక్కరికి తెలియకూడదట, దిష్టి తగులుతుందట. నాయన ఆటోలో ఎవరితోనైనా వాగుతాడేమోనని ఆయన చేత ఒట్టు కూడా వేయించుకుంది. రక్షణ శాఖ పని కాబట్టి చేర్చుకునే ముందు మన గురించి విచారిస్తారని చెబితే, సరే రానియ్యి, మనమేమైనా దొంగలమా అంది. విచారణ అంటే ఖాకీ బట్టలేసుకుని, జీపు దిగి, నేరుగా మా ఇంటికే వస్తారని ఆమె అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

వచ్చినవాడు ఖాకీలో రాలేదు. నీలం చొక్కా టక్కు చేసుకుని బైకు మీద వచ్చాడు. ఆ రోజు నేను కంటి పరీక్షకని తాండూరు పోయాను, అమ్మ చేలో ఉంది. అతను మా ఇంటికి రాకుండా ఎదురుగా ఉన్న నాగరాణత్త కిరాణా దుకాణంలో కూర్చుని, చాయ్ తెప్పించుకుని, నా పేరు చెప్పి, పిల్ల ఎట్లాంటిది అని అడిగాడు.

మా దిక్కు పిల్లకు సంబంధం చూసే ముందు పిల్లగాడి తరఫున ఎవరో ఒకరు ఊళ్లోకి దిగుతారు. పిల్ల ఇంటికి పోరు. దుకాణంలో కూర్చుని మెల్లగా కూపీ లాగుతారు. పిల్ల ఎవరితో తిరుగుతుంది, చదువుకునేటప్పుడు ఎక్కడ ఉంది, చుట్టాలెవరు, బయటి దేశాల్లో ఎవరైనా ఉన్నారా, ఇవే ప్రశ్నలు. అట్లా అడిగినవాడికి మా వాడకట్టులో ఒక్క చెడ్డ మాట దొరకదు. నల్లా దగ్గర బిందెలు విసురుకునే ఆడవాళ్లు కూడా ఆ సమయానికి ఒక్కటైపోతారు. పిల్ల సంబంధం చెడగొట్టిన పాపం ఎవరూ మూటగట్టుకోరు.

నాకివేమీ తెలియవు. సాయంత్రం ఆటో దిగేసరికి నాగరాణత్త నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. పక్కింటామె నవ్వింది. ఇంట్లోకి వస్తే అమ్మ కూడా ఏదో దాచుకున్నట్టు నవ్వుతూ, నా జడ విప్పి నూనె పెట్టడం మొదలుపెట్టింది. సంబంధం వాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చేదాకా నాతో అనకూడదని నాగరాణత్తా ఆమే అనుకున్నారని తర్వాత తెలిసింది. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ సంతోషంగానే ఉన్నాం, ఎవరి లెక్కలు వాళ్లవి.

తర్వాత కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మీరు ఇచ్చిన వివరాలకూ మా విచారణలో తేలిన విషయాలకూ పొంతన లేదు, తేలేదాకా మిమ్మల్ని చేర్చుకోలేము అని దాని సారాంశం. కంపెనీలో రచన అనే ఆమెకు ఫోన్ చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడుతుందో చెప్పలేను. ఏ విషయంలో పొంతన లేదండీ అంటే, అది చెప్పడానికి లేదండీ అంటుంది. చెప్పకపోతే ఎట్లా సరిచేసుకోవాలండీ అంటే, మీ ఆందోళన నాకు అర్థమైందండీ అంటుంది. మరునాడు చేసినా అదే మాట, ఆ మరునాడూ అదే. ఆమె కసురుకున్నా బాగుండేది, తిరిగి కసురుకునే అవకాశమైనా దొరికేది.

ఆ చికాకులో ఉప్పు పాకెట్టు కోసం దుకాణానికి పోతే నాగరాణత్త ఇక ఆగలేకపోయింది.

“ఏం బిడ్డా, పిలగానోళ్లు మళ్ల ఏమన్నా కబురు చేసిన్రా?”

ఏ పిలగాడు అన్నాను. నీలం చొక్కా అతని సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పిల్ల ఏనాడూ హైదరాబాదు హాస్టళ్ల మొహం చూడలేదనీ, వికారాబాదులో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుందనీ, మగపిల్లలతో మాటే ఎరగదనీ చెప్పిందట. ఖాళీ చేతుల సంబంధం అనుకుంటారేమోనని, మేనమామ దుబాయిలో పెద్ద పనిలో ఉన్నాడని కూడా చెప్పిందట. పక్క రెండిళ్లవాళ్లనూ అడిగాడట, వాళ్లూ తు.చ. తప్పకుండా అదే చెప్పారట. చెబుతున్నంతసేపూ ఆమె మొహంలో ఎంత మురిపెమో. ఉప్పు పాకెట్టు చేతిలో పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను.

నేను ఫారంలో రాసిందేమో అమీర్‌పేట హాస్టలు, విదేశాల్లో చుట్టాలెవరూ లేరు అని. రెండూ నిజాలే. నాగరాణత్త చెప్పినవి రెండూ అబద్ధాలు. అయినా ఆమె మీద అరవడానికి నోరు రాలేదు, ఎందుకంటే అవి ఆమె పుట్టించినవి కావు. ఇన్నేళ్లుగా మా అమ్మ వాడకట్టంతా పంచిపెట్టినవి. ఆడపిల్ల ఒంటరిగా హాస్టల్లో ఉందంటే నలుగురూ నాలుగు రకాలుగా అంటారని చిన్నమ్మ ఇల్లు అమ్మే కల్పించింది. దుబాయి కూడా ఆమెదే.

దుబాయి కథ వేరు. మా మామ విజయ్‌కుమార్ నేను ఇంటర్ చదివేటప్పుడు దుబాయి బయల్దేరాడు. మెడలో దండలేసి వాడకట్టంతా తాండూరు స్టేషన్‌కు పోయి రైలెక్కించింది. బొంబాయి దిగాక ఏజెంటు కనిపించకుండా పోయాడు. దండలేసి పంపిన వాళ్లకు మొహం ఎట్లా చూపించాలో తెలియక, మామ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మెన్‌గా కుదిరాడు. అది తెలిసింది అమ్మకూ నాయనకూ, హాస్టల్లో ఉండగా ఆదివారాలు పోయి కలిసొచ్చిన నాకూ మాత్రమే. మా ఇంట్లోనే ఉండే మా అమ్మమ్మ మొగులమ్మకు తెలియదు. మామ ఫోన్ చేసి, ఈడ మస్తు ఎండ అవ్వా అంటే, గొడుగు పట్టుకో కొడుకా అంటుంది. దుకాణం ముందు ఎండకు కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ నా కొడుకు దుబాయిలో ఉన్నాడని చెబుతుంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వికారాబాదు పోయాను. ఆ విచారణ చేసే ప్రైవేటు ఏజెన్సీ ఆఫీసు ఒక జిరాక్స్ షాపు పైన ఉంది. రచనను బతిమాలీ బతిమాలీ ఆ ఒక్క ముక్కా రాబట్టాను. నీలం చొక్కా అతని పేరు శ్రీకాంత్. నా ఈడువాడే, నా పేరు చెబితే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. మిమ్మల్ని పెళ్లి పెద్ద అనుకుని చెప్పారండీ అదంతా అంటే నవ్వాడు, కానీ ఆ నవ్వు నాకు ఎక్కడా పనికిరాలేదు.

“మేడం, మూడిళ్లల్ల అడిగిన. ముగ్గురూ ఒకటే మాట చెప్పిన్రు. ముగ్గురు ఒకటే చెప్తే దాన్నే రాస్తం. ఒక్కరన్నా తేడాగ చెప్పుంటే నాకూ అనుమానం వచ్చేది.”

“మా మామ దుబాయిల లేడు. కావాలంటే నేను తీస్కపోయి చూపిస్త.”

“మీరు చూపిస్తే గాదు మేడం. మీ వాడకట్టు చెప్పాలె. కంపెనీ అడిగితే ఇంకోసారి వస్త. గప్పుడు గూడ గిదే చెప్తే నేనేం జెయ్యలేను.”

తప్పు ఎక్కడా కనిపించలేదు. అతని పని అతను చేశాడు, నాగరాణత్త మంచి చేశాననుకుంది, రచన మర్యాద తప్పలేదు. అందరూ మంచివాళ్లే, నా ఉద్యోగం మాత్రం పోతోంది. గుట్టంతా మా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆ కోపమంతా మూటగట్టుకుని ఇంటికొచ్చి, అమ్మమ్మ నల్లా దగ్గరికి పోయిన సమయం చూసి, అమ్మ ముందు కుమ్మరించాను. పోయి నిజం చెప్పమన్నాను.

“హాస్టల్ అంటే చెప్తగానీ, తమ్ముని సంగతి నేనెట్ల చెప్పాలె బిడ్డా. నాగరాణికి చెప్తే అవ్వకు చెప్పినట్టే.”

“చెప్పకుంటే నా ఉద్యోగం పోతది.”

“అవ్వ పానం పోతదేమో.”

మామ పరువు కోసం నా బతుకు బుగ్గిపాలు చేస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయను. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని చేనుకు పోయింది. ఆ రాత్రి నాయన అన్నం తింటూ, లగ్గమెప్పుడని ఆటోలో ఎక్కినవాళ్లంతా అడుగుతున్నారని చెప్పి, మా ఇద్దరి మొహాలూ చూసి, మిగతా మాట మింగేశాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను కంపెనీకి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. పోరగా పోరగా, ఇంకొకసారి విచారణకు పంపుతామని రచన అంది. అమ్మకు ఆ మాట చెప్పాను, అంతకుమించి ఏమీ అడగలేదు. అడిగినా పనిలేదనిపించింది.

శ్రీకాంత్ మళ్లీ వచ్చేనాటికి కంది కాయలు ముదురుతున్నాయి. విచారణ జరిగేటప్పుడు నేను ఎదుట ఉండకూడదని ముందే ఫోన్ చేసి చెప్పాడు. ఇంట్లో తలుపు వెనక నిలబడ్డాను. ఎదురుగా దుకాణం, ప్రతి మాటా వినిపిస్తోంది. నాగరాణత్త అతన్ని చూసి వెలిగిపోయింది. పిలగాడి తరఫువాళ్లు రెండోసారి వచ్చారంటే పని అయిపోయినట్టేనని ఆమె లెక్క. చాయ్ తెప్పించి, పోయినసారి మరిచిపోయిన గుణగణాలు కూడా కలిపి నన్ను పొగడడం మొదలుపెట్టింది. అమ్మమ్మ పక్కనే బల్ల మీద కూర్చుని అవునవునని తలూపుతోంది. నా కొడుకు దుబాయినుంచి వస్తే లగ్గం ధూంధాంగా చేస్తాడని ఆమె కూడా ఒక మాట అందించింది. లోపల నేను పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. పోయి అందరి నోళ్లూ మూయించాలనిపించింది, పోతే ఆ విచారణ కూడా చెల్లకుండా పోతుంది.

అమ్మ చేనునుంచి వచ్చింది. తలకు కట్టుకున్న తువాల విప్పుకుంటూ ఇంటివైపు తిరిగినదల్లా ఆగి, దుకాణం వైపు నడిచింది. చేతులు తుడుచుకుని శ్రీకాంత్ ఎదుట నిలబడింది.

“తమ్మీ, నేను ఆ పిల్ల తల్లిని. రాసుకో. నా బిడ్డ వికారాబాద్‌ల ఉండలే, అమీర్‌పేటల హాస్టల్ల ఉన్నది. మొగపిల్లలతోటి కలిసి ల్యాబుల పని చేసింది. నాగరాణి అబద్ధం చెప్పలే, నేను చెప్పిందే నీకు చెప్పింది.”

నాగరాణత్త చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. శ్రీకాంత్ తలొంచుకుని రాసుకుంటున్నాడు. మరి దుబాయి సంగతేందమ్మా అని నెమ్మదిగా అడిగాడు. అమ్మ అమ్మమ్మ వైపు చూడలేదు. నేల వైపు చూసి చెప్పింది.

“నా తమ్ముడు దుబాయి పోలే. బొంబాయిల ఏజెంటు మోసం చేసిండు. కూకట్‌పల్లిల వాచ్‌మెన్ పని చేస్తుండు.”

తాండూరు పోయే ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“కూకట్‌పల్లి అంటే రైలుకు ఎంతసేపైతది బిడ్డా?” అంది అమ్మమ్మ.

“లింగంపల్లి దాక రెండు గంటలు అవ్వా. ఆడికెల్లి బస్సు,” అంది అమ్మ.

అమ్మమ్మ తలూపింది. బల్ల పట్టుకుని లేచి, దారి దాటి ఇంట్లోకొచ్చి, తలుపు వెనక నన్ను చూసి కూడా చూడనట్టే లోపలికి పోయి గోడకు తిరిగి పడుకుంది. కొడుకు వాచ్‌మెన్ అయినందుకు ఏడవలేదామె. రెండు గంటల దూరంలో ఉండి ఇన్నేళ్లు రాలేదే అని, ఆ సాయంత్రమంతా గోడతో గొణుగుతూనే ఉంది. నాకు కావలసిన మాట నాకు దొరికింది. కానీ సంతోషం రాలేదు, కోపమూ ఉంచుకోబుద్ధి కాలేదు. అమ్మకు చాయ్ పెట్టిచ్చాను, ఆమె తాగకుండా పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత అమ్మమ్మ అమ్మతో మాట్లాడలేదు. నాగరాణత్త అలిగింది. ఇన్నేళ్లు తనతో అబద్ధాలు మోయించిందని ఆమె బాధ. నల్లా దగ్గర అమ్మ బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. నా హాస్టలు గురించి గుసగుసలు కూడా మొదలయ్యాయి. అంతకుముందు చిన్నమాటకే మంచం పట్టే మా అమ్మ, అన్నీ వింటూ బిందె నింపుకుని వచ్చేసేది. ఉద్యోగం వచ్చేస్తే అందరి నోళ్లూ అవే మూతపడతాయని నేను ధైర్యం చెప్పేదాన్ని, నాకు నేనూ చెప్పుకునేదాన్ని.

కంది కోతలప్పుడు రచన ఫోన్ చేసింది. నేను గట్టు మీద నిలబడి ఎత్తాను.

“నిరోషా గారూ, మీ రిపోర్టు క్లియర్ అయిందండీ. కంగ్రాట్యులేషన్స్.”

ఎప్పుడు రమ్మంటారండీ అన్నాను. అదే చెబుదామనండీ అంది. మా బ్యాచు శిక్షణ మొదలై చాలా రోజులైందట, నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారట. కొత్త ఆర్డరు వచ్చి మళ్లీ మనుషులను తీసుకునేటప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చట, అప్పుడు విచారణ కూడా మళ్లీ మొదటినుంచి చేస్తారట. మీ ఆందోళన నాకు అర్థమైందండీ అంది. ఏమర్థమైందండీ మీకు అని అరిచి ఫోన్ పెట్టేశాను. అన్ని నెలల్లో ఆమె మీద గొంతెత్తింది అదొక్కసారే, దానివల్ల కూడా ఏమీ ఒరగలేదు.

చేలో అమ్మ, నాయన, మామ కంది కట్టె కోస్తున్నారు. మామ రెండు రోజుల కిందటే వచ్చాడు, నాయన పోయి ఆటోలో తీసుకొచ్చాడు. అమ్మమ్మ కొడుకును చూసి ముందు రెండు చరిచి, తర్వాత అన్నం పెట్టింది. ఇప్పుడు గట్టు మీద కూర్చుని, కొడవలి పట్టుడు మరిచినవా అని అతన్ని దెప్పుతోంది. నా అరుపు విని నలుగురూ ఆగి నా వైపు చూశారు. ఉద్యోగం లేదట అని చెప్పాను.

మామ కొడవలి కింద పడేశాడు. నా వల్లనే కదా అన్నాడు. నాకు లోపలున్నదంతా పొంగుకొచ్చింది. ఎవరి వల్లయితేనేం, ఉద్యోగమూ పాయె, వాడకట్టుల పరువూ పాయె, నల్లా కాడ అమ్మతో మాట్లాడే దిక్కు లేదు, ఇంత చేసి ఏం ఫాయిదా అని గట్టు మీదే కూలబడి ఏడ్చాను. ఇంటర్వ్యూలో గీసి చూపించిన గీతలు గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది. నాయన మంచినీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

అమ్మ మాత్రం నడుం ఎత్తలేదు. చేతికందిన కట్టె కోసి పక్కకు పెడుతూ, నా వైపు చూడకుండానే అంది:

“ఇంకో కంపెనీకి పెట్టు బిడ్డా. పది కంపెనీలకు పెట్టు. గా పిలగాన్నే మళ్ల పంపియ్యమను. ఈసారి దుకాణం కాడ కూసునుడెందుకు, సీదా నా దగ్గరికే రమ్మను. నీ గురించి ఎవ్వరు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పెటందుకు ఇప్పుడు నాకు భయం లేదు.”